ఇంతకూ ఏం చెప్తాండానంటే

ఓర్వకల్లు మండలంలో ఒక ఊరు. రేకుల షెడ్డు కింద జంపఖానా పరిచి, పదిహేను మంది ఆడవాళ్లు పొదుపు సంఘం మీటింగుకు కూర్చున్నారు. ఒకప్పుడు ఆ ఊరి బళ్లో తెలుగు చెప్పినవాణ్ణి కాబట్టి, వేరే పని మీద పోయిన నన్ను కూడా పిలిచి ఒక కుర్చీ వేసినారు. రెండు కంతులు కట్టని ఒకామెను లేపి కారణం చెప్పమన్నారు. ఆమె కొంగు సర్దుకొని మొదలుపెట్టింది.

"పోయిన శ్రావణంలో సార్, మా చిన్నపాప కాన్పుకని నంద్యాలకు పోయింటి..."

"విషయానికి రా అక్కా," అన్నాడు మీటింగు నడిపిస్తున్న అబ్బాయి.

"అదే చెప్తాండా సార్. నేను నంద్యాలలో ఉంటే ఇంటికాడ జీవాలను చూసుకునేది మా ఆయప్ప ఒక్కడే. సంతలో తెచ్చిన గొర్రెలకు..."

"గొర్రెల సంగతి కాదక్కా. కంతు సంగతి చెప్పు."

మూడుసార్లు మొదలుపెట్టింది. మూడుసార్లూ ఆపినాడు. నాలుగోసారి ఏమీ అనకుండా కూర్చుండిపోయింది. ఆ అబ్బాయి చెడ్డవాడేమీ కాదు. రోజుకు మూడు ఊర్లు తిరిగి, అన్నం వేళకు అన్నం తినకుండా పనిచేసేవాడే. నా వైపు తిరిగి మర్యాదగానే అన్నాడు: "చూసినారు కదా సార్. దీన్ని ఇంగ్లీషులో డైగ్రెషన్ అంటారు, ఆఫ్ టాపిక్ అంటారు, టాంజెంట్ అంటారు. ఒక్కో రకానికి ఒక్కో మాట. మాకు ట్రైనింగులో చెప్పినారు. తెలుగులో దీనికి మాటే లేదు. మాట లేదు కాబట్టే మనవాళ్లకు అది తప్పని కూడా తెలీదు."

ఈ అభిప్రాయం ఆ అబ్బాయి సొంతం కాదు. కర్నూలులో ఇంటర్వ్యూలకు తయారు చేసే కోచింగు సెంటర్లలో ఇదే చెప్తారు. బిడ్డలను ఇంగ్లీషు మీడియంలో వేసిన తల్లిదండ్రులు ఇదే అంటారు. ఇంగ్లీషు సూటి భాష, తెలుగు డొంకతిరుగుడు భాష. ఇంగ్లీషువాడు దారి తప్పితే తప్పినానని ఒప్పుకొని వెనక్కు వస్తాడు, మనవాడికి దారి అనేదే తెలియదు. చదువుకున్నవాళ్లలో ఇది ఎంతగా పాతుకుపోయిందంటే దీన్ని ఎవరూ రుజువు కూడా అడగడం లేదు. నేను అడుగుతున్నాను. ఈ మాటలో రెండు తప్పులున్నాయి. తెలుగులో దీనికి మాటలు లేవనడం మొదటిది, అది అజ్ఞానం. మాట పక్కకు పోవడమే తప్పనడం రెండోది, దానివల్ల మనుషులకు అన్యాయం జరుగుతోంది.

మొదటిదాన్ని చూద్దాం. కొమ్మ మీద నుంచి కొమ్మ మీదికి పోయినట్టు మాట పోతే దానికి శాఖాచంక్రమణం అని పేరు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి 'కథలు గాథలు' తెరిచి చూడండి, ఆ చంక్రమణం ఎంత రుచిగా ఉంటుందో తెలుస్తుంది. ముళ్లపూడి వెంకటరమణ అయితే తన ఆత్మకథకే 'కోతి కొమ్మచ్చి' అని పేరు పెట్టుకున్నాడు. చెప్తున్న సంగతికి బలం ఇచ్చే చిన్న కథ పిట్టకథ. పెద్ద కథలో ఇమిడిన ఇంకో నిండు కథ ఉపాఖ్యానం. సందర్భానికి అతకనిది అప్రస్తుతం. అడిగినదానికి జవాబు ఎగ్గొట్టడానికి చుట్టూ తిరగడం డొంకతిరుగుడు. చెప్పిందే చెప్పడం ఊకదంపుడు. అంతులేకుండా సాగితే చేటభారతం. పట్టు వదిలి పోతే గాడి తప్పడం. 'సుత్తి' మొన్న మొన్నటిది: 1982లో జంధ్యాల 'నాలుగు స్తంభాలాట' వచ్చినాక వీరభద్రరావు, వేలు ఇద్దరికీ అది ఇంటిపేరయింది, మనకేమో రోజూ వాడే మాటయింది.

ఈ మాటల్లో ఒకటి ఉన్న చోట ఇంకొకటి పెట్టలేము. పిట్టకథ చెప్పినవాణ్ణి ఎవరూ తిట్టరు. డొంకతిరుగుడు మాట్లాడినవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. మాట ఏ ఉద్దేశంతో పక్కకు పోయింది, తిరిగి వచ్చిందా లేదా అన్నది చూసి మనవాళ్లు పేరు పెట్టినారు. 'ఆఫ్ టాపిక్' అనే మాటలో ఆ విచక్షణ లేదు. ఉదాహరణ చెప్పేవాణ్ణీ ఎగవేసేవాణ్ణీ అది ఒకే గాటకు కడుతుంది.

పేర్ల కంటే గట్టి సాక్ష్యం ఇంకొకటి ఉంది. మన మాటల్లో పక్కకు పోయేటప్పుడు వేసే గుర్తు ఒకటి, తిరిగి వచ్చేటప్పుడు వేసే గుర్తు ఒకటి ఉన్నాయి. 'అన్నట్టు' అంటే పక్కకు పోతున్నానని. 'మాటల్లో మాట' అన్నా అదే. 'ఇంతకూ' అంటే తిరిగి వచ్చినానని. చదువు రాని అవ్వ కూడా ఈ రెంటినీ తప్పు లేకుండా వాడుతుంది. సగం రాత్రి దాకా కథ చెప్పి, మధ్యలో ఏడు ఊర్లు తిరిగి వచ్చి, "ఇంతకూ ఏం చెప్తాండానంటే" అని వదిలిన చోటే పట్టుకుంటుంది. దారి తెలియని భాషలో తిరిగి వచ్చే మాట ఎందుకు పుడుతుంది? ఆ రోజు మీటింగులో ఆమెను నాలుగోసారైనా చెప్పనిచ్చి ఉంటే ఆ మాట ఆమె నోట వచ్చి ఉండేది. అంతదాకా ఎవరూ ఆగలేదు.

ఇక ఇంగ్లీషు సంగతి. ఆ భాష మీద నాకు కోపం లేదు. దాన్ని మనకు అమ్ముతున్న తీరు మీద కోపం. డైగ్రెషన్ అనే మాటకు లాటిన్‌లో మూలార్థం పక్కకు అడుగు వేయడం, అంతే. టాంజెంట్ అంటే తాకేది. వృత్తాన్ని ఒక్క చోట తాకి తన దారిన పోయే గీతను లెక్కల పుస్తకం నుంచి తెచ్చి మాటలకు పెట్టినారు. రెడ్ హెర్రింగ్ అంటే పొగబెట్టిన చేప. దాని వాసనతో వేటకుక్కలను దారి మళ్లించిన కథను 1807లో విలియం కాబెట్ తన పత్రికలో రాసి ఆనాటి పత్రికల మీద ప్రయోగించినాడు. వీటన్నిటికంటే నాకు నచ్చింది డిలీరియం. జ్వరం ఎక్కి పలవరించడానికి డాక్టర్లు వాడే మాట. లాటిన్‌లో 'లీరా' అంటే మడక సాలు. సాలు విడిచి పోవడమే డిలీరియం. మాట మార్చడానికి వాడే ప్రివారికేట్ కూడా ఆ పొలంలోదే, వంకరగా నడవడం, వంకర సాలు తోలడం. రోమ్ రైతు సాలు తప్పడం అన్నాడు, మన బండి తోలేవాడు గాడి తప్పడం అన్నాడు. ఇద్దరూ మట్టి నుంచే మాట తీసుకున్నారు. ఇందులో ఒకరు ఎక్కువా ఒకరు తక్కువా ఎక్కడ?

సాలు మాట వచ్చింది కాబట్టి ఓర్వకల్లు చేలను గురించి చెప్పాలి. కర్నూలు నుంచి నంద్యాలకు పోయే రోడ్డు పక్కన ఇక్కడి బండలను చూడని వాళ్లు తక్కువ; ఇప్పుడు వాటిని రాక్ గార్డెన్ చేసి టిక్కెట్టు పెట్టినారు. ఆ బండలు తోటలోనే ఆగిపోలేదు. చుట్టుపక్కల చేలల్లోనూ నేలలోంచి గుండ్లు తేలి ఉంటాయి. ఎద్దులతో మడక తోలేటప్పుడు రైతు గుండు దగ్గరికి రాగానే మేడిని కొంచెం వంచి, దాన్ని చుట్టి, అవతల మళ్ళీ అదే సాలులో పడతాడు. గట్టు మీద నిలబడి చూస్తే సాలు వంకరగా కనిపిస్తుంది. సూటిగా పోవాలని పట్టుబడితే కర్రు విరుగుతుంది. చిన్నప్పుడు మా నాయన వెనక గింజలు విడుస్తూ నడిచిన కాలంలో ఆ వంకర సాలులోనూ మిగతా సాళ్లంత సమంగానే జొన్న మొలవడం నేను చూసినాను.

ఇంగ్లీషు సూటి భాష అనేవాళ్లు ఆ భాషలోని పెద్దలను చదివినట్టు లేదు. జొనాథన్ స్విఫ్ట్ 1704లో అచ్చయిన 'ఎ టేల్ ఆఫ్ ఎ టబ్'లో పక్కదారులను పొగుడుతూ ఒక అధ్యాయానికి అధ్యాయమే పక్కదారిగా రాసినాడు. లారెన్స్ స్టెర్న్ 1759 నుంచి 1767 దాకా తొమ్మిది సంపుటాలుగా రాసిన 'ట్రిస్ట్రమ్ షాండీ'లో కథానాయకుడు తన కథ మొదలుపెట్టి, మూడో సంపుటం దాకా పుట్టనే పుట్టడు. ఆ నవలను ఇప్పటికీ యూనివర్సిటీల్లో పాఠంగా చెప్తున్నారు. అక్కడ అది కళ అయితే, మన రేకుల షెడ్డు కింద అదే పని జబ్బు ఎట్లా అవుతుంది?

మన దగ్గర మాట పక్కకు పోవడానికి ఏకంగా ఒక ఆసనం వేసినారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకుల్లో ఒకరు అప్రస్తుత ప్రసంగి. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది అంటూ మిగతావాళ్లు అవధానిని పద్యం వైపు లాగుతుంటే, ఇతను సంబంధం లేని ప్రశ్నలు వేసి పక్కకు లాగుతాడు. అవధాని విసుక్కోకూడదు. జవాబు చెప్పాలి, సభను నవ్వించాలి, విడిచిన పద్యపాదాన్ని విడిచిన అక్షరం దగ్గర అందుకోవాలి, చివర ధారణలో అన్ని పద్యాలూ ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పాలి. ప్రొద్దుటూరు సి.వి. సుబ్బన్న వంటి శతావధానులను కన్న సీమ ఇది. పక్కకు పోయి తిరిగి రావడమే పాండిత్యానికి పరీక్షగా పెట్టుకున్న జాతిని పట్టుకొని, మీకు ప్రస్తుతమేదో అప్రస్తుతమేదో తెలియదంటే ఒప్పుకోవాలా?

పండితుల సభల్లోనే కాదు. బుర్రకథలో నడిమి కథకుడు తంబుర మీటుతూ కథ నడిపిస్తాడు. రెండు పక్కల ఇద్దరు వంతలు. ఒకరి పని హాస్యం, ఇంకొకరి పని రాజకీయం. పల్నాటి యుద్ధం కథ మధ్యలో ఆనాటి కరణం సంగతో, రేషన్ బియ్యం సంగతో ఎత్తేది ఆ రాజకీయ వంతే. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను ఊరూరా తిప్పిందంటే వీరుల కథల కోసమే కాదు, ఆ పక్క మనిషి చెప్పే మాట కోసం కూడా. తోలుబొమ్మలాటలో రాముడూ రావణుడూ ఆగిపోయి కేతిగాడు, బంగారక్క తెర మీదికి వస్తారు. వాళ్లు ఊరి పెద్దలను అనేంత మాట అంటారు. నిమ్మలకుంట బొమ్మలాటవాళ్లను ఆ ఇద్దరినీ తీసేసి సూటిగా రామాయణం ఆడమంటే తెల్లారేదాకా ఎవరు కూర్చుంటారు?

ఓర్వకల్లు నుంచి అదే రోడ్డు మీద ముందుకు పోతే నంద్యాల. పదహారో శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాసి అంకితమిచ్చింది ఆ నంద్యాల కృష్ణమరాజుకే. కథలో కథ, ఆ కథలో ఇంకో కథ. బ్రహ్మ సరస్వతికి సరసంగా చెప్పిన కథలోని మనుషులే భూమ్మీద పుట్టి తిరుగుతుంటారు. ఎవరు ఎవరో తెలియడానికి ఆశ్వాసాలు దాటాలి. సుగాత్రీ శాలీనుల కథ అందులో పక్కనుంచి వచ్చి చేరిన కథే. నగలన్నీ పెట్టుకొని పడకటింటికి వచ్చిన భార్య వైపు చూడని శాలీనుడు, వానలో తోటకు వచ్చి తనతో కలిసి మట్టిపని చేస్తున్న ఆమెను చూసి మనసు పడతాడు. కావ్యం చదివినవాళ్లలో ఎక్కువమంది మనసులో నిలిచేది ఈ తోట దృశ్యమేనని నా అనుభవం. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి ఈ కావ్యాన్ని ఇంగ్లీషులోకి తీసుకుపోతే 2002లో అమెరికాలో అచ్చయింది.

ఇక్కడ ఒకరు నన్ను అడ్డుకోవచ్చు. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో అచ్చయిన 'కవిత్వతత్త్వ విచారము'లో ప్రబంధకవులను కడిగిపెట్టలేదా, కథను విడిచి వర్ణనల వెంట పోయినారని? అవును, కడిగినాడు. ఆ కోపంలో న్యాయముంది. కానీ అదే పుస్తకంలో ఆయన కథాసంవిధానానికి మేలైన ఉదాహరణగా చేతికెత్తుకున్నది ఏ కావ్యాన్ని? ఇన్ని మలుపులున్న ఈ కళాపూర్ణోదయాన్నే. ఆయనకు కావలసింది గీత గీసినట్టు సూటిగా పోవడం కాదు. పోయిన ప్రతి దారీ తిరిగి వచ్చి కలవడం. సూరన దారులన్నీ కలుస్తాయి. కట్టమంచి పేరు చెప్పి పిట్టకథను కొట్టేవాళ్లు ఆయన్ను సగమే చదివినారు.

ఇంకొకరు వేమనను తెస్తారు. సీమ మనిషి మాట కత్తివేటు, నాలుగు పాదాల్లో ముగుస్తుందని. ఆ మాటా నిజమే. కానీ ఆ పద్యాలు ఎట్లా నడుస్తాయో చూడండి. ఉప్పు చూపిస్తాడు, కర్పూరం చూపిస్తాడు, వాటి రుచి చూడమంటాడు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మూడో పాదం. వేమన ఆ మీటింగులో ఉంటే ఆ అబ్బాయి ఆయన్ను మొదటి పాదంలోనే ఆపి ఉండేవాడు, ఉప్పు సంగతి కాదు స్వామీ, మనుషుల సంగతి చెప్పమని.

ఇప్పుడు రెండో తప్పుకు వస్తాను. నాకు అసలు బాధ దీని దగ్గరే.

'విషయానికి రా' అనే మాటను ఎవరు ఎవరితో అంటారో గమనించండి. ఆఫీసరు రైతుతో అంటాడు. డాక్టరు రోగితో అంటాడు. బ్యాంకులో కౌంటరు అవతలివాడు ఇవతలివాడితో అంటాడు. తిరగేసి ఎప్పుడైనా విన్నారా? సభలో మంత్రి తన చిన్ననాటి సంగతులు ముప్పావు గంట చెప్తే, ఎండలో కూర్చున్నవాళ్లలో ఎవరైనా లేచి విషయానికి రండి సారూ అన్నారా? అమెరికా సెనేట్‌లో హ్యూయీ లాంగ్ 1935లో ఒక బిల్లును అడ్డుకోవడానికి పదిహేను గంటలకు పైగా మాట్లాడి, మధ్యలో ఆల్చిప్పలు ఎట్లా వేయించాలో వంట కూడా చెప్పినాడు. అక్కడ అది సభ్యుడి హక్కు. పెద్దవాడు పక్కకు పోతే అనుభవం పంచుకున్నట్టు, పేదవాడు పక్కకు పోతే టైం వేస్టు చేసినట్టు. కొలత మనిషిని బట్టి మారుతోంది. దాన్ని ఇంగ్లీషు మాటల వెనక దాచి, క్రమశిక్షణ అని పేరు పెడుతున్నారు.

అసలు 'విషయం' ఏదో తేల్చింది ఎవరు? ఆ మీటింగులో విషయం కంతు అని పై నుంచి వచ్చిన కాగితం చెప్పింది. ఆమెకు విషయం గొర్రెలు. అప్పు ఇచ్చింది గొర్రెల కోసమే కదా. గొర్రెలు లేకుండా కంతు ఎక్కడినుంచి వస్తుంది? మీటింగు అయినాక ఆమె వేపచెట్టు కింద నిలబడి నాకు అదంతా చెప్పింది, మళ్ళీ నంద్యాల కాన్పు నుంచే మొదలుపెట్టి. ఈసారి ఎవరూ ఆపలేదు. గొర్రెలు కొన్నప్పుడే బీమాకు డబ్బు పట్టుకున్నారు. ప్రతి గొర్రె చెవికీ నంబరు బిళ్ల కొట్టాలి. బిళ్ల ఉంటేనే చచ్చిపోయిన గొర్రెకు డబ్బు వస్తుంది. బిళ్లలు కొట్టే మనిషి వచ్చిన రోజు ఆమె నంద్యాలలో ఉంది. భర్త మందను తోలుకొని కొండ కిందికి పోయినాడు. వచ్చినాయన ఇంటి అరుగు మీద కాసేపు కూర్చొని, కొట్టినట్టు కాగితంలో రాసుకొని పోయినాడు. వానలు పడినాక గొర్రెల మూతులు వాచి, కాళ్ల సందుల్లో పుండ్లు పడి, నాలుగు పోయినాయి. చెవులు చూపించమన్నారు. చెవులున్నాయి, బిళ్లలు లేవు.

"ఇంతకూ ఏం చెప్తాండానంటే అయ్యవారూ, కంతు ఎగ్గొట్టాలని కాదు," అనింది ఆమె.

అప్పటికి ఇంకో ముగ్గురు మా దగ్గరికి వచ్చి నిలబడినారు. "మాయి కూడా అంతే అయ్యవారూ, మా గొర్రెలకూ బిళ్లలు కొట్టలే," అన్నారు. ఆ ఊళ్ళో కంతులు ఆగిపోయినవాళ్లు ఏడుగురు. చెట్టు కింద నిలబడినవాళ్లు నలుగురు. నలుగురి బాకీకీ ఒకటే కారణం. ఆ కారణం మీటింగులో బయటికి వచ్చి ఉంటే అందరూ కలిసి ఒక అర్జీ పెట్టి ఉండేవాళ్లు. సంఘం అంటే దానికే కదా.

ఒక్క ఊరి సంగతి పట్టుకొని ఇంత మాట అంటున్నానని అనుకోవద్దు. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు అమెరికాలో డాక్టరు దగ్గరికి పోయిన రోగుల మాటలు రికార్డు చేసి చూసినారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన తర్వాత సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డం వచ్చినాడు. ఎక్కువమంది చెప్పాలనుకున్నది పూర్తిగా చెప్పలేకపోయినారు. సూటి భాష అని మనం అనుకునే ఇంగ్లీషులోనే జరిగింది ఇది. మనిషి మొదట చెప్పేది అసలు బాధ కాకపోవచ్చు. అసలు బాధ చెప్పడానికి ధైర్యం కూడగట్టుకుంటూ పక్క మాటలు చెప్తాడు. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ నిజం.

చట్టం కూడా ఆ అబ్బాయి కంటే ఉదారంగా ఉంది. ఏది ప్రస్తుతం ఏది అప్రస్తుతం అని తేల్చడానికే పుట్టిన 1872 సాక్ష్య చట్టంలో ఏడో సెక్షను, వివాదంలో ఉన్న సంగతికి సందర్భమైనవీ, కారణమైనవీ, ఫలితమైనవీ ప్రస్తుతమేనని చెప్పింది. 2024 జూలైలో దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ నియమం ఉంది. కోర్టులో అయితే ఆమె గొర్రెల కథను జడ్జి వినాల్సిందే.

ఇంకో పెద్ద సాక్ష్యం మన రాష్ట్రం చరిత్రలోనే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు రాత్రిపూట అక్షరాలు దిద్దడానికి కూర్చున్నారు. విషయం అక్షరాస్యత. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం వచ్చింది. ఆ పాఠం చదువుతూ చదువుతూ మాట సారా మీదికి పోయింది, తాగి వచ్చి కొట్టే మొగుళ్ల మీదికి పోయింది, ఊళ్ళో సారా అంగడి మీదికి పోయింది. అక్కడ ఎవరైనా "విషయానికి రండమ్మా, ఇవాళ పాఠం ఒత్తులు" అని ఉంటే? అనలేదు. ఆడవాళ్లు లేచి పోయి అంగడి మూయించినారు. 1992లో అది జిల్లాలు దాటింది. 1993లో సారాను నిషేధించినారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. అది ఎన్నాళ్లు నిలిచిందన్నది వేరే కథ. కానీ ఒక ప్రభుత్వం మెడ వంచిన ఆ ఉద్యమం అక్షరాల క్లాసులో పక్కకు పోయిన మాటలోంచి పుట్టింది.

ఓర్వకల్లు కూడా అట్లాంటి ఊరే. 1990లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయంతో సాపాప్ అనే పేదరిక నిర్మూలన కార్యక్రమం కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో నడిచినప్పుడు ఈ మండలం ఆడవాళ్లు పొదుపు సంఘాలు కట్టి దేశం చూసేటట్టు చేసినారు. రూపాయి రూపాయి దాచడంతో మొదలైన ఆ కూటములు పిల్లల చదువు దాకా, కూలికి పోయే పసివాళ్లను బడికి తేవడం దాకా పోయినాయి. పొదుపు గురించి మాత్రమే మాట్లాడి ఉంటే అంత దూరం పోయేవా? ఆ నేల మీద కూర్చొని, ఆ సంఘాల బిడ్డలనే, గొర్రెల సంగతి కాదు కంతు సంగతి చెప్పమంటున్నాము.

టైం ఎక్కడిది అంటారు. సరే, టైం లెక్కే చూద్దాం. చెట్టు కింద ఆమె కథ మొత్తం పది పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. మీటింగులో ఆమెను ఆపడానికీ, మళ్ళీ అడగడానికీ, మందలించడానికీ అంతే పట్టింది. దాని తర్వాత బాకీ వసూలుకని ఆ ఇంటికి తిరిగిన తిరుగుళ్లు వేరే.

డొంకతిరుగుడును నేను సమర్థించడం లేదు. దాని మీద నాకు జాలి లేదు. చెరువుకు నీళ్లు ఎప్పుడు వస్తాయని అడిగితే ప్రాజెక్టు చరిత్ర చెప్పేవాడు, పైపు ఎందుకు పగిలిందంటే పాత ప్రభుత్వాన్ని తిట్టేవాడు, సమాచార హక్కు కింద ఒక అంకె అడిగితే పది పేజీల జీవోలు పంపేవాడు, వీళ్లందరినీ విషయానికి రమ్మని గట్టిగా అడగాలి. తేడా ఒక్కటే. వాళ్లు దాచడానికి పక్కకు పోతారు. గొర్రెలామె చెప్పడానికి పక్కకు పోయింది. ఈ తేడా పట్టుకోవడానికి కావలసిన మాటలు మన దగ్గర ఉన్నాయి. వాడడం లేదు.

ఇంకొక మాట చెప్పకుండా ముగించలేను. 'సోది ఆపు' అని మనం ఎంత తేలిగ్గా అంటామో! సోది ఎరుకల ఆడవాళ్ల విద్య. బుట్ట చంకన పెట్టుకొని, వీధి వీధీ తిరిగి, చెయ్యి పట్టుకొని, అటు ఇటు మాటలు తిప్పి తిప్పి, ఇంట్లో ఎవరూ పైకి చెప్పని దిగులును ఆ ఇల్లాలి నోటితోనే చెప్పించే నేర్పు అది. జోస్యం ఫలించడం మాట అట్లుంచండి. గుట్టుగా ఏడ్చేవాళ్ల దగ్గర అరగంట కూర్చొని విన్న మనుషులు వాళ్లు. ఆ విద్య పేరును చెత్తమాటకు పెట్టినాము. ఊక దంచేదీ ఆడమనిషే, చేట పట్టేదీ ఆడమనిషే. మన తిట్లు కూడా ఎవరి మాటను తక్కువ చేస్తున్నాయో చూడండి. ఈ తప్పు ఇంగ్లీషు వాళ్లది కాదు, మనదే. దిద్దుకోవాల్సిందీ మనమే.

మీటింగులు నడిపే పిల్లలను నేను కోరేది పెద్ద పని కాదు. లేచి నిలబడిన మనిషి 'ఇంతకూ' అనేదాకా ఆగండి. ఆమె ఆ మాట అంటుంది. అనకపోతే మీరు అడగండి, "ఇంతకూ ఏమంటావు అక్కా?" అని. 'విషయానికి రా' అనేదానికి బదులు మన భాష మీకిచ్చిన మాట అది. దాంతో ఆమె చెప్పిందంతా మీరు విన్నారని ఆమెకు తెలుస్తుంది.

ఆ రోజు తీర్మానాల పుస్తకం నేను తెరిచి చూసినాను. ఆమె పేరుకు ఎదురుగా నీలం ఇంకుతో రాసి ఉంది: "రెండు కంతులు బాకీ. కారణం అడగగా చెప్పలేదు." ఆ వాక్యం కొట్టేయమని అడిగితే పుస్తకంలో కొట్టివేతలు ఉండకూడదన్నారు. కొట్టేయవద్దు. దాని కింద నాలుగు వరుసలు ఖాళీగా ఉన్నాయి. గొర్రెల సంగతి రాయడానికి ఆ చోటు చాలు.